పత్తి కాంటా మీద కెప్టెన్

లింగస్వామి ఆ ఏడాది జూలైలో విజిల్ ఊదడం మానేశాడు.

చిట్యాల నుంచి లోపలికి తొమ్మిది కిలోమీటర్లు పోతే వచ్చే ఊరి హైస్కూల్లో అతను వ్యాయామ ఉపాధ్యాయుడు. పదకొండేళ్లుగా అక్కడే ఉన్నాడు. హైదరాబాదులో మూడు రోజుల శిక్షణకు పోయి వచ్చిన మరునాడు, బరువులెత్తడం నేర్చుకునే నలుగురు ఆడపిల్లల్ని వరుసలో నిలబెట్టి చెప్పాడు.

"ఇగ నుంచి నేను విజిల్ ఊద. లేవుమని చెప్ప, లేపుమని చెప్ప. ఎవరి బరువు వాళ్లే అనుకోవాలె, వాళ్లే రాసుకోవాలె. తప్పు కనవడితే ముందుగాల చూసినోళ్లే చెప్పాలె, పక్కోళ్లు చెప్తరని చూడొద్దు. సార్ లేకున్నా పని ఆగొద్దు. నాయకత్వమంటే గదే."

"మరి మీరేం జేస్తరు సార్?" అని అడిగింది తొమ్మిదో తరగతి అనూహ్య.

"నేను జీతం తీసుకుంట."

పిల్లలు నవ్వారు. అతనూ నవ్వాడు. పదో తరగతి గ్లోరీని కెప్టెన్‌గా పెట్టాడు. గ్లోరీ తండ్రి జాషువా రెండెకరాలు కౌలుకు పట్టి పత్తి వేస్తాడు. తల్లి పుష్పమ్మ ఆ పత్తితో పాటు మందివీ ఏరుతుంది.

ఆ మాటలు లింగస్వామి శిక్షణలో విన్నవి. విన్నవి విన్నట్టు చెప్పాడు. చెప్పిన పది రోజులకే అతనికి ఓటర్ల జాబితా పని పడింది. దాని వెనుకే ఇంటింటి సర్వే వచ్చింది. ఆగస్టు నుంచి నవంబరు దాకా అతను బడి మైదానంలో అడుగుపెట్టిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సార్ లేకున్నా పని ఆగొద్దన్న మాటను పిల్లలు నిజం చేయవలసి వచ్చింది.

గ్లోరీ రోజూ పొద్దున ఐదున్నరకు ముగ్గురి ఇళ్లకూ పోయేది. పేరు పెట్టి పిలిచేది కాదు, గేటు గొళ్లెం ఆడించేది. "గీ పిల్ల కోడికంటె ముందొస్తాంది" అని అనూహ్య తల్లి వాడకంతా చెప్పుకునేది. ఆ ముగ్గురిలో ప్రణీత రాడ్డు కింద కూర్చోవాలంటే వణికేది. ఆమెకు గ్లోరీ పదకొండు రోజులు వట్టి రాడ్డే ఇచ్చింది, పన్నెండో రోజు ప్లేట్లు వేసింది. ఎవరైనా బరువు లేపితే శభాష్ అనేది కాదు. అంకె పైకి చెప్పి నోట్‌బుక్కులో రాసేది. లింగస్వామి ఒకరోజు సర్వే కాగితాలు చంకలో పెట్టుకుని వచ్చి ఆ నోట్‌బుక్కు తిరగేశాడు. నాలుగు నెలల్లో ఒక్క తేదీ తప్పలేదు. అతను దాని కింద సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

బడికి ఉన్నది పదిహేను కిలోల రాడ్డు ఒకటి, ఐదేసి కిలోల ఇనుప ప్లేట్లు రెండు. రాడ్డూ ప్లేట్లూ జిల్లా కేంద్రం నుంచి వచ్చినవి, ప్లేట్ల మీద అంకె పోతపోసి ఉంటుంది. మిగతావన్నీ సిమెంటువి. ఊరి మేస్త్రీ పోచయ్య బేసిన్లలో సిమెంటు పోసి, మధ్యలో పైపు ముక్క నిలబెట్టి చేసిచ్చాడు. వాటిని శివకుమార్ కాంటా మీద తూచారు. శివకుమార్‌ది విత్తనాలూ మందుల దుకాణం. చలికాలం పత్తి కొంటాడు. దుకాణం ముందర క్వింటాళ్లు తూచే ఎలక్ట్రానిక్ కాంటా ఉంది. కాంటా పది కిలోలు చూపించేదాకా పోచయ్య ఒక్కొక్క ప్లేటునూ ఉలితో చెక్కాడు. పిల్లలు కూడా ప్రతి శనివారం ఆ కాంటా ఎక్కి తమ బరువు చూసుకునేవాళ్లు. బడిలో తూకం లేదు. శివకుమార్ ఎన్నడూ కాదనలేదు. బడి పూర్వ విద్యార్థుల సంఘానికి అధ్యక్షుడు అతనే.

డిసెంబరు మొదట్లో నల్గొండలో జిల్లా ఎంపికలు జరిగాయి.

గ్లోరీ పేరు నలభై ఐదు కిలోల విభాగంలో ఇచ్చారు. శివకుమార్ కాంటా మీద ఆమె నలభై నాలుగున్నర. ఎందుకైనా మంచిదని రెండు రాత్రులు అన్నం మానుకుంది. నల్గొండలో తూకం మీద నిలబడితే నలభై ఆరు ముప్పావు వచ్చింది.

"ఏం దిన్నవే?" అన్నాడు లింగస్వామి.

"ఏం తినలే సార్."

"ఏం తినకుంటె రెండు కిలోలు గాలికి పెరిగిందా? కెప్టెన్‌వి, నీకే కట్టడి లేకుంటె వాళ్లకేం చెప్తవ్?"

 మిగతా ముగ్గురూ తూకం దిగి వచ్చారు. వాళ్లు కూడా రెండు, రెండున్నర కిలోలు పెరిగి ఉన్నారు. లింగస్వామి వాళ్లనూ తిట్టాడు. తర్వాత నిర్వాహకుల కాళ్లావేళ్లా పడి నలుగురినీ పై విభాగాలకు మార్పించాడు. గ్లోరీ నలభై తొమ్మిదిలో దిగింది.

దిగి గెలిచింది. బడిలో జర్క్‌లో, అంటే భుజాల మీద ఆపి తల మీదికి లేపడంలో, ఆమె లేపినది ఎక్కువలో ఎక్కువ యాభై ఐదు. నల్గొండలో యాభై ఏడు లేపింది. అనూహ్య కూడా తన అంకె మీద రెండు కిలోలు ఎక్కువ లేపి నెగ్గింది. "సార్, గీడ బరువులు అల్కగున్నయ్" అంది అనూహ్య, దిగివచ్చి.

"బరువు అల్కగుండదు. మనసు గట్టిగుంటది" అన్నాడు లింగస్వామి.

అదే మాట విలేకరికీ చెప్పాడు. జిల్లా పేజీలో 'విజిల్ లేని శిక్షణ' అని అచ్చయింది. శివకుమార్ బడికి వచ్చి అతనికి శాలువా కప్పాడు. బడి వెనుక జాగాలో షెడ్డు వేయిస్తానని, అందులోకి అసలు రాడ్లూ అసలు ప్లేట్లూ కొనిస్తానని అందరి ముందర ప్రకటించాడు. లింగస్వామి ఆ షెడ్డు కోసం పదకొండేళ్లలో పెట్టిన అర్జీలు ఒక ఫైలు నిండా ఉన్నాయి.

వారం తర్వాత, గురువారం మధ్యాహ్నం అన్నాల వేళ, గ్లోరీ నోట్‌బుక్కు పట్టుకుని అతని గదికి వచ్చింది.

"సార్, నల్గొండల నేను ఎక్కువ లేపలే."

"యాభై ఏడు లేపినవ్. గిక్కడ ఎన్నడన్న యాభై ఐదు దాటినవా?"

"గీ యాభై ఐదే సార్, గా యాభై ఏడు."

అతనికి అర్థం కాలేదు. గ్లోరీ నోట్‌బుక్కు తెరిచి చూపించింది. సిమెంటు ప్లేటును రేషన్ దుకాణానికి మోసుకుపోయి తూయించింది. పది కిలోలు కాదు, పదిన్నర ఉంది. ఇనుప ప్లేటు కూడా తూయించింది. అది మాత్రం ఐదుకు ఐదు. అదే ఇనుప ప్లేటును శనివారం శివకుమార్ కాంటా మీద పెడితే నాలుగు కిలోల ఏడు వందల యాభై గ్రాములు చూపించింది.

"వందకు ఐదు తక్కువ చూపిస్తాంది సార్. నా పానం బరువు గూడ గంతే తక్కువ చూపించింది. నల్గొండల మేమెవ్వరం పెరగలే."

లింగస్వామి లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఎవ్వలికన్న చెప్పినవా?"

"ముందుగాల మీకే. సార్, మా నాయిన మొన్న ఆడ పద్నాలుగు క్వింటాళ్లు తూచిండు. డెబ్బై కిలోలు పోయింది. మా అమ్మ రెండు రోజులు వంగి ఏరితె డెబ్బై కిలోలు."

"జర ఆగు."

"ఎన్ని రోజులు సార్?"

"స్టేట్ మీట్ కానీ. షెడ్డు పునాది పడనీ. నేనే ఒక్కన్ని పోయి అడుగుత."

"అప్పటికి ఊర్ల పత్తి అయిపోతది సార్."

"చూడు గ్లోరీ. నాయకత్వమంటే సమయం చూసుకునుడు గూడ."

"గది మీరు జూలైల చెప్పలే" అంది గ్లోరీ. వెటకారం లేకుండా అంది, చెప్పని పాఠం పరీక్షలో అడిగితే పిల్లలు అన్నట్టు. నోట్‌బుక్కు మూసుకుని వెళ్లిపోయింది.

పోయినందుకు అతను ఊపిరి పీల్చుకున్నాడు. కర్ర విరగకుండా పాము చావాలని అనుకున్నాడు. షెడ్డు పడితే ముందు ముందు వందమంది పిల్లలు అందులో నేర్చుకుంటారు, ఒక్క కాంటా కోసం అది పోగొట్టుకోవడం తెలివైన పని కాదు అని కూడా అనుకున్నాడు. శుక్ర, శనివారాలు అలాగే గడిచాయి.

సోమవారం పది గంటలకు ప్రధానోపాధ్యాయురాలు మంజులత అతన్ని పిలిపించింది. "లింగస్వామీ, మీ విజిల్ లేని పిల్లలు శివకుమార్ గారి దుకాణం కాడ ఉన్నరంట. పోయి తీసుకురాండ్రి. జల్ది పోండ్రి" అంది.

అతను బండి మీద పోయాడు. దుకాణం ముందర పత్తి నింపిన బోరేలతో ఆటోలు, ట్రాక్టరు, ముప్పైమంది దాకా రైతులు ఉన్నారు. బోరేలు తూచే కాంటా మీద బడి రాడ్డు, దాని పక్కన రెండు ఇనుప ప్లేట్లు ఉన్నాయి. నలుగురు పిల్లలు యూనిఫాంలో కాంటాకు నాలుగు దిక్కులా నిలబడ్డారు. శివకుమార్ కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"రా సారూ, రా" అన్నాడు శివకుమార్. "నీ పిల్లలు నా కాంటకు పరీక్ష వెట్టిండ్రు. నువ్వచ్చి పేపర్ దిద్దు."

గ్లోరీ రైతుల వైపు తిరిగి చెబుతోంది. "రాడ్డు పదిహేను. ప్లేట్లు ఐదు, ఐదు. ప్లేట్ల మీద రాసే ఉన్నది, ఎవరన్న వచ్చి చదువుకోండ్రి. మొత్తం ఇరవై ఐదు. కాంటా ఎంత చూపిస్తాందో చూడుండ్రి."

కాంటా మీద ఎర్ర అంకెల్లో ఇరవై మూడు కిలోల ఏడు వందల యాభై గ్రాములు అని ఉంది. ఎవరూ ముందుకు రాలేదు. ఒకరిద్దరు అంకెను చూసి నేల చూశారు.

"పోచయ్య తాతా, నువ్వు చదువు" అంది గ్లోరీ. పోచయ్య కూడా ఆ రోజు నాలుగు బోరేలు తెచ్చాడు.

"చదివేదేమున్నది బిడ్డా" అన్నాడు పోచయ్య. "మాకు తెల్వదనుకున్నవా? ఈడ ఐదు, చిట్యాల తొవ్వల ఏడు. యాడికి వోయినా గింతే."

"తెలిస్తె ఎందుకు ఊకున్నరు?"

 అప్పటిదాకా తన బోరే మీద చెయ్యి వేసి నిలబడిన జాషువా ముందుకు వచ్చి కూతురి రెక్క పట్టుకున్నాడు. "ఇంటికి నడువ్."

"నాయినా, డెబ్బై కిలోలు..."

"నడువంటె నడువ్. ఎండకాలం ఉద్దెరకు విత్తనం ఎవలిస్తరు? నువ్విస్తవా?"

శివకుమార్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఉండు జాషువా. పిల్లను బెదిరియ్యకు. సారొచ్చిండు గద, సారే చెప్తడు. ప్లేట్లు ఆయనయే, రాడ్డు ఆయనదే. సారూ, నా కాంటా తప్పా, నీ ప్లేట్లు తప్పా? నువ్వేమంటె గది."

లింగస్వామి ప్లేటు చేతిలోకి తీసుకున్నాడు. ఐదు అన్న అంకె మీద వేలు పెట్టి చూశాడు. ఆ వేలు కింద అంకె అంచులతో సహా తగులుతోంది.  ట్రాక్టరు ఇంజను ఆగకుండా కొట్టుకుంటోంది. తల ఎత్తితే శివకుమార్ వెనుక గోడ మీద షెడ్డు నమూనా కనపడింది. రంగుల్లో గీయించి అతికించాడు.

"ఇవి పాతయి" అన్నాడు. "అరిగినయ్. సిమెంటుయి నేనే సరిగ పోయించలే. తప్పు నాదే."

తప్పు నాదే అన్న మాట నోటి నుంచి వచ్చాక అతనికి కొంచెం తేలికైంది. అబద్ధమాడినట్టు కాక ఒక నేరాన్ని నెత్తిన వేసుకున్నట్టు అనిపించింది.

"ఇనుము అరుగుతదా సార్?" అంది గ్లోరీ.

"అరుగుతది."

అనూహ్య నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. అనూహ్య కూడా ఆపేసింది.

"ఆయె" అన్నాడు శివకుమార్. "పిల్లలు. తెల్వక చేసిండ్రు. నేనేం మనసుల పెట్టుకోను. దించుండ్రి గవి, జనం ఎదురుచూస్తాండ్రు."

పిల్లలు దించారు. వాళ్లు దించిన చోట తర్వాతి బోరే పడింది. అది పోచయ్యది. లింగస్వామి బండి తిప్పుకుంటుంటే పోచయ్య దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"సారూ, మాకంటె రేపు విత్తనం కావాలె, మందు కావాలె. నీకు సర్కారు జీతమాయె. నీకేం భయమాయె?"

లింగస్వామి బండి స్టార్ట్ చేశాడు.

మంజులత గ్లోరీని కెప్టెన్‌గా తీసేయమంది, క్షమాపణ పత్రం రాయించమంది. లింగస్వామి బతిమాలి కెప్టెన్సీ మాట వెనక్కి తీసుకునేటట్టు చేశాడు. పత్రం తానే రాశాడు. పిల్ల చేతితో ఆ మాటలు రాయించడం ఇష్టం లేక అలా చేశాడు. గ్లోరీని పిలిచి కాగితం ముందర పెట్టాడు. ఆమె చదవకుండానే అడుగున పెన్ను పెట్టింది.

"చదువుకున్నంకనే పెట్టు."

"మీరే రాసిండ్రు గద సార్" అంటూ సంతకం చేసింది.

మరునాడు ఆరుంబావుకు అతను మైదానానికి పోయేసరికి నలుగురూ వరండాలో కూర్చుని ఉన్నారు. రాడ్డు గోడకు ఆనించి ఉంది.

"మొదలువెట్టలేదా?"

"మీ కోసం చూస్తున్నం సార్" అంది గ్లోరీ.

అతను చెప్పినన్ని సార్లు వంగారు, చెప్పినన్ని సార్లు లేపారు. పది అంటే పది. పదకొండోది ఎవరూ చేయలేదు. రాడ్డు కింద ప్రణీత మోకాళ్లు వంకర పోతుంటే గ్లోరీ చూసి ఊరుకుంది. అతను "చెప్పవెందుకే?" అంటే, "ప్రణీతా, మోకాళ్లు" అని చెప్పింది. అతను ఒకరోజు రాకపోతే ఆ రోజు సాధన లేదు. నోట్‌బుక్కులో చివరి తేదీ డిసెంబరులోనే ఆగిపోయింది. వాళ్లు బడి మానలేదు, ఆట మానలేదు, ఎదురు మాట అనలేదు. ఫిర్యాదు చేయడానికి అతనికి ఏమీ దొరకలేదు.

ఒకసారి మాత్రం అతను ఉండబట్టలేక అడిగాడు. "నా మీద కోపమున్నదా?"

"లేదు సార్."

"మరి మునుపటి తీర్గ ఎందుకుంటలేవు?"

 "మునుపు ఎట్లుంటి సార్? చెప్పుండ్రి, గట్లనే ఉంట."

జనవరిలో రాష్ట్రస్థాయి పోటీలు మహబూబ్‌నగర్‌లో పెట్టారు. గ్లోరీ, అనూహ్య ఎంపికయ్యారు. వ్యాను శివకుమార్ పంపించాడు. ట్రాక్‌సూట్లు అతనివే, వీపు మీద దుకాణం పేరుంది. బడి వెనుక పునాది గుంటలు తీశారు.  దేవరకొండ దాటాక అనూహ్యకు వాంతి వచ్చింది, వ్యాను ఆపారు.

అనూహ్య మొదటి రోజే ఓడిపోయింది. రెండో రోజు గ్లోరీ వంతు. మొదటి ఇద్దరిని జాతీయ పోటీల శిబిరానికి తీసుకుంటారు. లింగస్వామి, లేపబోయే బరువు రాసిచ్చే కార్డు చేతిలో పట్టుకుని అడిగాడు.

"ఎంత రాయాలె?"

"మీరెంతంటె గంత."

"నీకెంత చేతనైతదో నీకెర్క గద."

"మీరు రాయుండ్రి సార్."

ఒక్క ఊపున తల మీదికి లేపే స్నాచ్‌లో అతను రాసినవి మూడూ లేపింది. చివరిది నలభై మూడు. జర్క్‌లో యాభై నాలుగు, ఆ తర్వాత యాభై ఏడు. రాడ్డు భుజాల మీదికి, భుజాల నుంచి తల మీదికి పోయింది. ఆమె ముఖంలో ఏమీ కనపడలేదు. దీపం మీద మూత పెట్టినట్టుంది. రెండూ కలిపి మొత్తం వంద కిలోలు. ఆ సమయానికి ఆమె రెండో స్థానంలో ఉంది. వెనుక ఉన్న పిల్ల ఒక్క కిలో తక్కువ. ఇద్దరికీ ఒక్కొక్క అవకాశం మిగిలింది.

బల్ల దగ్గర అధికారి, "చివరిది ఎంత సార్, జల్దీ" అన్నాడు.

లింగస్వామి గ్లోరీని చూశాడు. ఆమె అతన్ని చూసింది. చెప్పిన పని చేయడానికి నిలబడి ఉంది. యాభై ఏడు అతనికి తెలిసిన అంకె. ఆ పైన ఆమె ఎంత దూరం పోగలదో అతనికి తెలియదు. నాలుగు నెలలు ఆమె లేపుతుంటే అతను చూడలేదు. చూసిన నెల రోజులూ ఆమె తనంతట తాను ఏదీ లేపలేదు. తప్పిపోతే బిడ్డకు పరువు తక్కువ అనుకున్నాడు.

"యాభై ఎనిమిది" అన్నాడు.

గ్లోరీ పోయి యాభై ఎనిమిది లేపింది. నీళ్ల బిందె గట్టు మీద పెట్టినట్టు పైకి పెట్టి, దించమని గంట మోగేదాకా పట్టుకుని, దించింది. నూటొకటి. ఆమె తర్వాత, ఒక్క కిలో వెనుక ఉన్న ఆ పిల్ల అరవై ఒకటి అడిగింది. ఆ పిల్ల కోచ్ కింద నుంచి అరుస్తున్నాడు. పిల్ల వద్దని చెయ్యి ఊపింది, అతన్ని నోరు మూయమంది, తనంతట తాను రాడ్డు దగ్గరికి పోయి నిలబడింది. కాళ్లు తడబడ్డాయి, మోకాలు నేలకు జానెడు దూరం దాకా పోయింది, కానీ లేపింది. నూట రెండు.

గ్లోరీ మూడో స్థానంలో మిగిలింది.

"అరవై రెండు రాస్తె లేపుదువా?" అని అడిగాడు లింగస్వామి.

"లేపుదు సార్."

"మరి చెప్పొద్దా?"

"మీరు యాభై ఎనిమిదన్నరు."

పక్క జిల్లా వ్యాయామ ఉపాధ్యాయుడు ఒకాయన అప్పటిదాకా వీళ్లను గమనిస్తున్నాడు. వచ్చి లింగస్వామి భుజం తట్టాడు. "పోతె పోయింది సార్, మీ పిల్ల బుద్ధిమంతురాలు. చెప్పిన మాట మీద ఒక్క కిలో దాటలే. మావోళ్లున్నరు, ఒక్కటి చెప్తె ఇంకొకటి జేస్తరు. ఎట్ల నేర్పించిండ్రో జర మాక్కూడ చెప్పుండ్రి."

లింగస్వామి బల్ల మీది కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. వేదిక మీద తర్వాతి విభాగానికి బరువులు మారుస్తున్నారు. గ్లోరీ అతని పక్కనే, చేతులకు అంటిన తెల్ల పొడి దులుపుకోకుండా నిలబడి ఉంది.

"బట్టలు మార్చుకోమంటరా సార్?" అని అడిగింది.